పాటలో తోడివాని పాలు

పొలమును ఇద్దరు కలిసి దున్నినచో పంటను కళ్లములో కొలిచి పంచుకొనుట యెట్లో మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఎద్దులెవరివి, విత్తనములెవరివి, కూలి యెంత యనునది ముందే మాట యగును. నూర్చిన గింజ కంటి యెదుట నుండును గావున దాచుటయు కష్టమే. కాని ఇద్దరు కలిసి ఒక పాట కట్టిరనుకొందము. ఒకడు మాటలు కూర్చెను. మరియొకడు వరుస కట్టెను. ఆ పాటకు కళ్లము లేదు, కొలపాత్ర లేదు. అది జనుల నాలుకలపై నిలిచి, రికార్డుగా వెలువడి, సొమ్ము తెచ్చిననాడు దానిలో ఎవని పాలు ఎంత? పేరు ఎవరిది? తోడివానికి ఇచ్చునది ఔదార్యమా, ఋణమా? ఈ వ్యాసమున విచారింపదలచినది ఇంతమాత్రమే.

పైకి ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. మనలో పాటలు కట్టువారెందరు, వారికి వచ్చు రాయల్టీ యెంత యని నవ్వువారును ఉందురు. అట్లు నవ్వుటకు వీలులేని కాలము వచ్చినది. బసవ జయంతికి, జాతరకు, మఠములలో పురాణ ప్రవచనమునకు ముందు పాడుకొను పాటలు ఒకప్పుడు చేతివ్రాత పుస్తకములలో మాత్రమే యుండెడివి. పిదప అవి క్యాసెట్ల కెక్కినవి. ఇప్పుడు యూట్యూబున కెక్కగా, ఒక ఊరిలో పాడిన పాటను ఆ ఊరినెన్నడును చూడనివారు వినుచున్నారు. వినువారి సంఖ్యను బట్టి, నడుమ వచ్చు ప్రకటనలను బట్టి, ఎంతో కొంత పైకము కూడ రావచ్చును. పైకము వచ్చినచోటనే పాలివాడు గుర్తునకు రావలెను. చిత్రమేమనగా, అక్కడనే అతడు మరుపున పడుచున్నాడు.

ముందుగా పాట యెట్లు పుట్టునో చూతము. కవి పల్లవి వ్రాసి తెచ్చెను. వరుస కట్టువాడు దానిని హార్మోనియముపై పలికించి చూచి, "అయ్యా, ఇచ్చట గురువు పడినది, తాళము నిలువదు, లఘువు కావలెను" అనును. కవి మొదట గొణుగును. తరువాత మాట మార్చును. మారిన మాట ఒక్కొక్కప్పుడు మొదటి మాటకంటె మేలైనదగును. ఆ మాట ఎవరిది? కలము కవిది, అవసరము గాయకునిది. మరియొకప్పుడు బాణీయే ముందు పుట్టును. సినిమాలలో ఇది సర్వసాధారణము. అపుడు సంగీత దర్శకుడు అర్థములేని అక్షరములతో బాణీని పాడి వినిపింపగా, కవి ఆ కొలతకు సరిపోవు మాటలు కూర్చును. వినువానికి ఈ తెరవెనుక వ్యవహారమేమియు తెలియదు. అతడు పాటనంతటిని ఒకరి పేరున కట్టివేయును. 'పుష్పవిలాపము' అనగానే ఘంటసాల కంఠము చెవులలో మ్రోగును. ఆ పద్యములు జంధ్యాల పాపయ్యశాస్త్రిగారివి, అనగా కరుణశ్రీవని, 'ఉదయశ్రీ'లోనివని చెప్పగలవారు నా తరగతి గదిలో ఏటేట తగ్గుచున్నారు. ఇది శ్రోతల తప్పనుటకంటె వారి స్వభావమనుట మేలు. శ్రోతకు తెలియకుండుట సహజము. తోడివానికి తెలియకుండుట మాత్రము సంభవింపదు. ఆ గదిలో ఇద్దరు కూర్చుండిరని లోకమున నిక్కముగా నెరిగినవారు ఆ ఇద్దరే గదా!

ఇక, తోడివాడనగా ఎవడు? తాళము వేసినవాడా? కాఫీ తెచ్చి యిచ్చినవాడా? "ఈ చరణము బాగులేదు" అని తల పంకించినవాడా? అందరిని పాలివారని యనుట న్యాయము కాదు. నాకు తోచిన పరీక్ష యొకటి కలదు. అతడు చేర్చినదానిని తీసివేసి చూడవలెను. తీసివేసిన పిదపను అది ఆ పాటయే యైనచో అతడు సహాయకుడు. అతనికి కూలియు, కృతజ్ఞతయు చెల్లును. తీసివేయగా అది వేరు పాటయైనచో అతడు కర్తలలో నొకడు. తబలా వాయించువాడు వాడుకలోనున్న ఠేకాను వాయించినచో మొదటి కోవకు చెందును. కాని అదే మనుష్యుడు పల్లవికి ముందు ఒక స్వరపు మెలికను కల్పించి, అది విననిదే జనులు ఆ పాటను గుర్తింపలేని స్థితి వచ్చినచో, అతనిని 'వాయించువాడు' అని పక్కకు నెట్టుట అసత్యమగును.

ఈ పరీక్ష నా కల్పన మాత్రమే కాదు. సరిగా ఇట్టి వివాదమే ఆంగ్లదేశమున అత్యున్నత న్యాయపీఠము వరకు పోయినది. 1967లో 'ప్రోకోల్ హారమ్' అను వాద్యబృందము 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' అను పాటను విడుదల చేసెను. దేశదేశముల మారుమ్రోగిన పాట యది. రికార్డుపై కర్తలుగా రెండు పేర్లు కలవు: సంగీతము గ్యారీ బ్రూకర్, సాహిత్యము కీత్ రీడ్. వీరిరువురు పాట కట్టిన పిదప ఆ బృందమున చేరిన మాథ్యూ ఫిషర్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు హామండ్ ఆర్గన్ అను వాద్యముపై ఆ పాటకు ఆరంభ సంగీతమును కల్పించెను. ఎనిమిది ఆవర్తనముల చిన్న కల్పన. నేడును ఆ పాటను ఎరిగినవారు మాటలకంటె ముందు ఆ వాద్యధ్వనినే తలచుకొందురు. ఫిషర్ 1969లో బృందమును వీడెను. దావా వేసినది 2005లో. ముప్పది యెనిమిది యేండ్లు గడచినవి!

2006లో మొదటి న్యాయమూర్తి, ఫిషర్ చేర్చినది పాటకు విశిష్టమైన భాగమని, అది అతని నేర్పు వలనను శ్రమ వలనను పుట్టినదని నిర్ణయించి, సంగీతపు హక్కులో నూటికి 40 పాళ్లు అతనివని తీర్పు చెప్పెను. సాహిత్యము జోలికి పోలేదు, అది రీడ్‌ది. 2008లో పై న్యాయస్థానము, కర్తృత్వము నిజమే యైనను ఇంత ఆలస్యముగా వచ్చినవానికి సొమ్ము లేదనెను. 2009 జూలైలో ప్రభువుల సభ ఆ మాటను త్రోసిపుచ్చి మొదటి తీర్పును నిలిపినది. ఇట్టి హక్కును కాలము హరింపదని, ఆలస్యము వలన ఎదుటివారికి నష్టమేమియు కలుగలేదు సరికదా ఇన్నాళ్లును లాభమే కలిగినదని వారి భావము. అయినను ఫిషర్‌కు పాలు దక్కినది 2005లో దావా వేసిననాటినుండి మాత్రమే. అంతకు ముందటి ముప్పది యెనిమిదేండ్ల రాబడి పోయినది పోయినట్లే.

ఈ కథలో న్యాయస్థానము చేసినదానికంటె చేయలేనిది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది. చట్టము అడిగిననాటినుండి లెక్కించును. ధర్మము పాట పుట్టిననాటినుండి లెక్కించును. అడుగని హక్కు చట్టమునకు నిద్రించుచున్నట్లే. తోడివాని మనస్సునకు మాత్రము అది నిద్రింపరాదు. ఇరువదియొక్క యేండ్లవాడు, బృందమున క్రొత్తగా చేరినవాడు, పేరు వచ్చుచున్న వేళ నోరు విప్పి "నా పాలేది?" అని గట్టిగా పట్టుబట్టగలడా? పట్టుబట్టినచో తనను ఉంచుకొందురా యను భయ ముండదా? మన ఊళ్లలో హార్మోనియము పెట్టె మోసికొని వచ్చువాడు, మఠము పెద్దలయెదుట కవిగారిని చూచి అదే భయముతో మౌనము వహించును. ఆ మౌనమును మనము సమ్మతిగా వ్రాసికొందుము. కావున నా అభిప్రాయమిది: మాట యెత్తవలసిన బాధ్యత అడుగలేనివానిది కాదు, ఎవని పేరు అచ్చు పడుచున్నదో వానిది.

ఇచ్చట నొక వాదము వినబడును. "ఫిషర్ కల్పనయు స్వతంత్రము కాదు, జర్మను దేశపు బాఖ్ సంగీతపు ఛాయ దానిలో కలదు, అందరును ఎవరినో అనుకరించువారే, ఇక కర్తృత్వమేమి?" అని. బాఖ్ ఛాయ కలదనుట నిజమే. త్యాగరాజస్వామి ఛాయ లేని వరుస మన దేశమున కలదా? భాష అందరిది, రాగములు అందరివి. బావి ఊరందరిదైనను చేదిన నీరు చేదినవానిది. ఆ వాదము చేయువారు తమ పేరును మాత్రము రికార్డుపైనుండి తొలగింపుమని యెన్నడును కోరరు, గమనింపుడు.

రెండవ వాదము మనవారిది. ఇది మరింత బలమైనది. "శరణుల మార్గమున పేరేమి, పైకమేమి? వచనకారులు తమ పేరు చెప్పుకొనిరా? ఇష్టదైవపు అంకితమును ఉంచి తాము చాటున నిలిచిరి. మనము మాత్రము పేరు కొరకు పోరాడుదుమా?" అని పెద్దలు అనుటను పలుమారులు విన్నాను. వినుటకు ఇంపైన మాట. కాని అంకితమును సరిగా చూచినచో అది ఈ వాదమునకు ఎదురు నిలుచును.

అంకితము పేరును చెరిపివేయు గుర్తు కాదు. బసవేశ్వరునిది కూడలసంగమదేవ, అల్లమప్రభువుది గుహేశ్వర, అక్క మహాదేవిది చెన్నమల్లికార్జున, మడివాళ మాచయ్యది కలిదేవ. ఒక్కొక్క శరణునకు ఒక్కొక్క ముద్ర. ఎనిమిది వందల యేండ్ల పిదప, తాళపత్రములు చెదరి కలగలిసిన పిదపను, ఏ వచనము ఎవరిదో పండితులు తేల్చగలుగుచున్నారనిన అది ఆ ముద్రల చలవయే. బసవేశ్వరుడు కల్యాణమున మంత్రి. అనుభవ మంటపమున కూర్చుండినవారిలో చాకలి, అంబిగుడు, చెప్పులు కుట్టువాడు ఉండిరి. వారి వచనములన్నియు కూడలసంగముని ముద్రతో వెలువడవలెనని ఆయన కోరియుండినచో అడ్డుచెప్పువారెవరు? ఆయన అట్లు కోరలేదు. ఎవరి అనుభవము వారి ముద్రతోనే నిలిచినది. అందును ఆయ్దక్కి లక్కమ్మగారి అంకితము చూడదగినది. ఆమె ముద్రలో దైవము పేరుతోపాటు భర్తయైన మారయ్య పేరును కలదు. అట్లని ఆమె వచనములు మారయ్యవి కాలేదు, మారయ్య వచనములు ఆమెవి కాలేదు.

తన పేరును తాను దాచుకొనుట వినయము. తోడివాని పేరును తాను దాచుట వినయమెట్లగును? వైరాగ్యమును ఎవరికి వారు అవలంబింపవలెను. ఒకరిచేత బలవంతముగా అవలంబింపజేయుటకు అది సున్నిపిండి కాదు.

పైకము మాటకు వత్తును. మన సంప్రదాయమున కాయకమని, దాసోహమని రెండు మాటలు కలవు. ఈ రెండింటిని కలగాపులగము చేయుటవలన పాటల విషయమున ఎంత అన్యాయము జరుగునో చెప్పుటకు నేనెరిగిన యొక వృత్తాంతము చాలును. ఊరి పేరు చెప్పను. అచ్చట నొక కవిగారు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి, పండ్రెండు పాటలు వ్రాసిరి. కుట్టుమిషనుపై బ్రతుకు వెళ్లదీసికొనుచు సాయంకాలములందు హార్మోనియము వాయించు నొకాయన వానికి వరుసలు కట్టెను. కవిగారు తమ సొమ్ముతో క్యాసెట్టు చేయించిరి. అట్టపై వారి పేరు, స్వామివారి ఆశీస్సు, విరాళమిచ్చినవారి పేర్లు, చివరకు క్యాసెట్టు అమ్ము దుకాణము పేరును కలవు. వరుస కట్టినవాని పేరు లేదు. కొన్నేండ్లకు ఆయన కాలము చేసెను. కవిగారి మనుమడు ఆ పాటలను యూట్యూబున పెట్టగా కొంత సొమ్ము రాసాగెను. దానిని కవిగారు మఠమున అన్నదాసోహమునకు సమర్పించుచుండిరి. ఒకనాడు దర్జీగారి కుమారుడు వచ్చి, "మా నాయన పేరైనను లేదేమండి?" అని అడిగెను.

కవిగారికి కోపము వచ్చినది. "నేనొక్క పైసా ముట్టలేదు. అంతయు దాసోహమునకే ఇచ్చితిని" అని నాతో వాపోయిరి. వారి మాటలో అసత్యము లేదు. అయినను నేను వారితో ఏకీభవింపలేకపోయితిని. తనది ఇచ్చుట దాసోహము. తోడివాని పాలును అడుగకుండ తీసి ఇచ్చుట, ఎంత పవిత్రమైన పాత్రలో పోసినను, దాసోహము కాదు. ఆయ్దక్కి మారయ్య కథ మనవారందరికిని తెలిసినదే. నేల రాలిన బియ్యపు గింజలు ఏరితెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు వాడుకకంటె ఎక్కువ తెచ్చెను. తన కడుపు కొరకు కాదు, జంగమార్చన కొరకే. లక్కమ్మ ఒప్పుకొనలేదు. మన పాలికి మించినది మనది కాదు, తిరిగి పోసి రమ్మని పంపెను. పోసి వచ్చిన పిదప మిగిలిన కొద్దిపాటి బియ్యముతోనే జంగమార్చన జరిగెను. ఈ కథను ప్రవచనములలో వినునపుడు మనము లక్కమ్మ నిరాశను మెచ్చుకొందుము. దానిలోని లెక్కను గమనింపము. ఎవరికొరకు తెచ్చితివని ఆమె అడుగలేదు. ఎంత తెచ్చితివని అడిగినది.

కవిగారికి ఈ మాటలు చెప్పితిని. వారు సమాధానము చెప్పలేదు. తరువాత పాటల పుస్తకము అచ్చుపడినపుడు దర్జీగారి పేరు చేరినది. పైకము మాట నేటికిని తేలలేదు. కుమారుడు కూడ దానిని మరల ఎత్తలేదు. పేరు చాలునని యనుచున్నాడట. అతనికి చాలవచ్చును. ఇచ్చువాడు "నీకు చాలును గదా" అని అనరాదు.

మన సాహిత్యమున ఈ ధర్మమును నడిపి చూపినవారు లేకపోలేదు. ఎఱ్ఱాప్రగడ అరణ్యపర్వశేషమును పూరించి, దానిని రాజరాజనరేంద్రునకే అంకితముగా, నన్నయగారే వ్రాసినట్లుగా నడిపెను. తాను వ్రాసినదానిని ముందువానికి సమర్పించిన మహానుభావుడాయన. తిరుపతి వేంకట కవుల సంగతి మనకు మరింత దగ్గరిది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లో, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో జన్మించిరి. పెద్దవారి పేరు జంటలో రెండవది! శతావధానములలో ఒకరు ఒక పాదము చెప్పగా మరియొకరు అందుకొనుట చూచినవారు ఏది ఎవరిదో విడదీయలేకపోయిరి. వారును విడదీసి చెప్పలేదు. 1920లో తిరుపతిశాస్త్రిగారు పరమపదించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించిరి. ఆ ముప్పది యేండ్లలో తామొక్కరే వ్రాసినవానిని కూడ జంట పేరుననే ప్రకటించిరి. ఆనర్స్ తరగతుల వారికి ఇది ఒక చమత్కారముగా బోధింపబడుచున్నది. నాకు ఇది చమత్కారముగా తోచదు. మాట ఇచ్చినది ఇద్దరి కాలమునకే గాని ఒకరి ఆయువునకు కాదని ఆయన యెంచిరి.

అయితే జంట పేరు అందరికిని సుఖమిచ్చునని చెప్పలేను. ఆంగ్లదేశపు బీటిల్స్ బృందములోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ యౌవనమున నొక ఒడంబడిక చేసికొనిరి: ఎవరొక్కరు కట్టినను పాట ఇద్దరి పేరున వెలువడవలెను. 1965లోని 'ఎస్టర్‌డే' మెకార్ట్నీ ఒక్కడే కట్టిన పాట. దానిపైనను లెనన్ పేరే ముందున్నది. లెనన్ 1980లో హత్యకు గురియయ్యెను. పిమ్మట మెకార్ట్నీ ఆ ఒక్క పాటకు తన పేరు ముందుంచుమని కోరగా, లెనన్ భార్య యోకో ఓనో అంగీకరింపలేదు. 2002లో ఒక సంపుటమున అతడు తానుగా వరుస మార్చగా పెద్ద రభస జరిగినది. సగము సొమ్ము వదలుకొనగలిగినవాడు పేరు ముందువెనుకలను వదలుకొనలేకపోయెను! దీనిని చూచి నవ్వరాదు. పేరునకు పైకముతో తూగని బరువు కలదనుటకు ఇది నిదర్శనము. నా దృష్టిలో పైకమును ఒప్పందముతో ఎట్లైనను పంచుకొనవచ్చును. సగము, మూడవపాలు, పదవపాలు, ఏదైనను ఇద్దరి సమ్మతమైనచో న్యాయమే. పేరు అట్టిది కాదు. పేరు జరిగినదానికి సాక్ష్యము. సాక్ష్యమును బేరమాడి తగ్గించుట తగదు.

"ఒక్కసారి డబ్బిచ్చి కొంటిమి, ఇక సంబంధము లేదు" అనువారి మాట మిగిలినది. దక్షిణాఫ్రికాలో సాలమన్ లిండా అను జూలూ గాయకుడు 1939లో 'ఎంబూబె' అను పాట పాడి రికార్డు చేయించెను. ఆ మాటకు సింహమని యర్థము. పాటపై హక్కు నిమిత్తము అతనికి ముట్టినది పది షిల్లింగులు. ఆ పాట సముద్రములు దాటి, మాటలు మారి, 1961లో 'ది లయన్ స్లీప్స్ టునైట్' అను పేరుతో అమెరికాలో విఖ్యాతమైనది. 1994లో 'ది లయన్ కింగ్' అను చిత్రమున వినబడినది. లిండా 1962లో పేదరికమున మరణించెను. సంతకము చేసిన కాగితము అతనికి ప్రతికూలమే. కాని బ్రిటిషువారి 1911 నాటి చట్టమున నొక నియమము కలదు: కర్త మరణించిన ఇరువదియైదేండ్లకు హక్కు వారసులకు తిరిగి వచ్చును. ఆ ఆధారముతో అతని కుమార్తెల పక్షమున 2004లో డిస్నీ సంస్థపై దావా పడగా, 2006లో రాజీ కుదిరి వారికి రాయల్టీ పాలు దక్కినది. అమ్మిన దినమున పాట విలువ అమ్మువానికి తెలియదు. తరచుగా కొనువానికిని తెలియదు. తెలిసిన పిదప మౌనముగా నుండుటయే దోషము.

మన దేశపు చట్టము ఈ మెట్టు ఎక్కుటకు చాలకాలము పట్టినది. 1957 నాటి కాపీరైటు చట్టము క్రింద, సినిమాకు సొమ్ము తీసికొని పాట కట్టినవారికి, వేరు ఒప్పందము లేనియెడల, హక్కు నిలువదని, అది నిర్మాతదని 1977లో సుప్రీం కోర్టు చెప్పెను. ఆ తీర్పునకే జస్టిస్ కృష్ణయ్యర్ తమ మాటగా కొంత చేర్చి, పాడువారిని ఈ చట్టము పట్టించుకొనలేదని, పార్లమెంటు ఆలోచింపవలెనని సూచించిరి. కవియు రాజ్యసభ సభ్యుడునైన జావేద్ అఖ్తర్ ప్రభృతుల ప్రయత్నముతో 2012లో చట్టము సవరింపబడినది. ఇప్పుడు సినిమా పాటను ప్రదర్శనశాలలో చిత్రముతోపాటు వినిపించుట తప్ప, ఇతర విధముల వాడినపుడెల్ల వచ్చు రాయల్టీలో పదకర్తకును స్వరకర్తకును హక్కు కొన్నవారితో సమానపు పాలు కలదు. సినిమాకు చెందని రికార్డులకును ఇట్టిదే నియమము. విశేషమేమనగా, ఆ పాలును వదలుకొంటినని సంతకము చేసినను చెల్లదు. వారసులకు గాని, కాపీరైటు సంఘమునకు గాని మాత్రమే దానిని ఇయ్యవచ్చును. పేదవాని సంతకము ఆకలి చేయించునదని చట్టము ఇన్నాళ్లకు గ్రహించినది. తన కృతికి తానే కర్తనని చెప్పుకొను హక్కు మాత్రము, సర్వమును అమ్ముకొనినను, 57వ సెక్షను క్రింద కర్తకే యుండును.

మరియొక సంగతి. మన చట్టము పాటను ఒక ముద్దగా చూడదు. మాటలు సాహిత్యకృతి, వరుస సంగీతకృతి, రెండును వేరు. ఎవరి భాగము ఏదో విడదీయ వీలులేనట్లు కలిసిపోయినపుడు మాత్రమే ఉమ్మడి కర్తృత్వము. కావున మన దర్జీగారు కవిగారి కృతిలో పాలు అడుగుటలేదు. తన కృతి తనదనుచున్నాడు. ఈ భేదము తెలిసినచో సగము కలహములు తీరును.

ఎదుటి పక్షపు అతిశయమును కూడ చెప్పకున్న న్యాయము కాదు. ఒక మాట సూచించి సగము పేరు కోరువారు, పాట ప్రసిద్ధమైన పిదప "నేనును ఆ గదిలో ఉంటిని" అనువారు ఉన్నారు. లక్కమ్మ లెక్క వారికిని వర్తించును. అట్టివారి భయముచేతనే కొందరు కవులు ఎవరిని దరి చేరనీయరు. ఈ చిక్కు పాట పాతబడినకొలది ముదురును. ఎవరి జ్ఞాపకము వారికి అనుకూలముగా పెరుగును. పాట క్రొత్తదిగా నున్నపుడు, ఇద్దరికిని ఆకలి గాని కీర్తి గాని పట్టకముందు, మాట్లాడుకొనుట సుళువు.

అందుకు పెద్ద పత్రములు అక్కరలేదు. పాట పేరు, మాటలెవరివి, వరుస యెవరిది, ఇద్దరును కలిసి మార్చినవేవి, రాబడి వచ్చినచో ఎవరికెంత, మఠమునకు సమర్పించుటలో ఇద్దరి సమ్మతియు కలదా యనునది ఒక పుటలో వ్రాసి, తేదీ వేసి, ఇరువురు సంతకము చేసి చెరియొక ప్రతి ఉంచుకొనినచో చాలును. నిర్ణయింపలేనపుడు సగము సగమనుకొనుట మేలు. సాహిత్యము, సంగీతములపై హక్కు కర్త మరణించిన పిదప 60 సంవత్సరములు నిలుచును. హార్మోనియము వాయించినవాని మనుమలు కూడ ఆ కాగితమును వెదకికొను దినము రావచ్చును గనుక, వారసుల పేర్లును అందులోనే చేర్చుకొనవలెను. క్యాసెట్ల కాలమున వెలువడిన పాటలకు, వరుస కట్టినవారు జీవించియుండగనే, ఇట్టి పుట యొకటి ఇప్పుడైనను వ్రాయించుటకు మఠముల కార్యదర్శులు పూనుకొనవచ్చును.